సీలు విప్పని లైట్‌హౌస్

ఆ ఇంట్లో రెండు పడకగదులు. ఒకదాంట్లో లిఫ్టు మెకానిక్, అతని భార్య పడుకునేవారు. రెండోదాంట్లో పెట్టెలు పడుకునేవి. అతని అత్తగారు హాల్లో దివాన్ మీద సర్దుకునేది.

"పెట్టెలకి గది, పెద్దదానికి గుమ్మం," అని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేది ఆవిడ. నవ్వుతూ చెప్పేది కాబట్టి తప్పు పట్టడానికి ఉండేది కాదు. మెకానిక్ కూడా ఓ నవ్వు నవ్వి ఊరుకునేవాడు.

ఆ పెట్టెల్లో ఉన్నవి ప్లాస్టిక్ ఇటుకల బొమ్మల సెట్లు. చిన్నచిన్న ముక్కల్ని ఒకదాని మీద ఒకటి నొక్కుకుంటూ పోతే కోటో, ఓడో, రైల్వే స్టేషనో తయారవుతుంది. పేరుకి పిల్లల ఆటే కానీ వాటి కోసం అర్రులు చాచేది పెద్దవాళ్ళు. కంపెనీ ఒక సెట్టుని కొన్నేళ్ళు తయారుచేసి ఆపేస్తుంది. ఆపేసిన రోజునుంచి దాని జాతకం మారిపోతుంది. నిన్నటిదాకా షాపులో దుమ్ము కొట్టుకుపోయిన పెట్టె, ఏడాది తిరిగేసరికి కొన్న ధరకి రెట్టింపు పలుకుతుంది. ఒక్కటే షరతు. సీలు చెక్కుచెదరకూడదు. మూల నలిగితే ధర కొంచెం తగ్గుతుంది. సీలు తెగితే సగానికి పడిపోతుంది.

అందుకని మెకానిక్ ఆ గదిలో ఎండ పడకుండా మందపాటి కర్టెన్లు వేశాడు. చెమ్మ తగలకుండా పెట్టెల మధ్య అట్టలు పెట్టాడు. పగలంతా గ్రీజు చేతులతో లిఫ్టు తాళ్ళు, కప్పీలు చూసుకునే మనిషి, ఇంటికొచ్చి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంటే తప్ప ఆ గదిలో అడుగు పెట్టేవాడు కాదు. తాగుడు లేదు, పేకాట లేదు. ఓవర్‌టైమ్ డబ్బులన్నీ పెట్టెలయ్యాయి. "నీ మొగుడి వ్యసనం కనీసం కంపు కొట్టదు," అని అత్తగారు కూతురికి ధైర్యం చెప్పేది.

కూతురు కట్టుడు పళ్ళు తయారుచేసేది. ఒక దంతవైద్యుడి ల్యాబులో జీతానికి పనిచేస్తూ, అచ్చులు పోయడం, మైనంతో మలచడం, పంటి తొడుగులకి రంగు కలపడం అన్నీ నేర్చుకుంది. తల్లి నోట్లో ఉన్న పళ్ళ సెట్టు కూడా ఆమె చేసిందే. సొంతంగా ఒక ల్యాబు పెట్టుకోవాలని ఆమెకి ఎన్నాళ్ళుగానో ఉంది. ఆసుపత్రి వీధిలో ఒక గది దొరికింది. గది యజమాని అడ్వాన్సు అడిగాడు. "పెట్టెల టైమొచ్చింది," అన్నాడు మెకానిక్. ఆ సాయంత్రం ఆమె నడకలో ఒక తేలిక కనిపించింది అతనికి.

అమ్మాల్సింది లైట్‌హౌస్ సెట్లు. ఎర్ర చారల తెల్ల బురుజు, పైన వెలిగే దీపం, కింద రాళ్ళగుట్ట. కంపెనీ ఆపేసి చాలా కాలమైంది, దొరకడం గగనమైపోయింది. అతని దగ్గర అయిదుండేవి. అయిదూ ఒకేసారి పెట్టెల బాబాయ్ దగ్గర కొన్నాడు. ఆ ఊళ్ళో ఇలాంటి సెట్లు పోగేసే వాళ్ళందరికీ ఒక ఫోన్ గ్రూపు ఉంది. దానికి పెద్దదిక్కు, అందరూ పెట్టెల బాబాయ్ అని పిలిచే ఈ పెద్దాయన. ఎవరి దగ్గర ఏది ఉందో, ఏది ఎప్పుడు పెరుగుతుందో ఆయన నోట్లోంచి వస్తేనే నమ్మకం.

మొదటి లైట్‌హౌస్ కొన్నది స్కూలు వ్యాను నడిపే ఆవిడ. నడివయసు మనిషి, చేతులు గట్టివి, మాట నిదానం. పెట్టెని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు బొమ్మ చూసింది.

"చిన్నప్పుడు బొమ్మల షాపు అద్దంలోంచి ఇలాంటివి చూస్తూ నిలబడేదాన్నండి," అంది. "కొనిపెట్టేవాళ్ళు లేరు. కొనుక్కోగలిగేసరికి ఇది ఆపేశారు. ఈ సెలవుల్లో కూచుని కడతాను."

మెకానిక్ మొహం మాడిపోయింది. "తెరుస్తారా?"

"తెరవకుండా ఎలా కడతారండి?"

లోపల్నుంచి అత్తగారు దగ్గింది. ఆ దగ్గు నవ్వేనని అతనికి తెలుసు.

మిగతా నాలుగింటికీ కలిపి ఒక బేరం కుదిరింది. వేరే ఊళ్ళో ఒకాయన, ఇలాంటివి గోడౌనులో దాచి ఏళ్ళ తర్వాత అమ్ముకునే మనిషి, నాలుగూ తీసుకుంటానన్నాడు. వారంలో డబ్బు పంపి పెట్టెలు తెప్పించుకుంటానని చెప్పాడు. గది యజమానికి మెకానిక్ మాట ఇచ్చేశాడు.

ఆ వారం మధ్యలోనే వ్యాను ఆవిడ మళ్ళీ వచ్చింది. చేతిలో లైట్‌హౌస్ పెట్టె. సీలు తెగి ఉంది. లోపలికొచ్చి, చెప్పులు విడిచి, పెట్టెని బల్ల మీద పెట్టి మూత ఎత్తింది.

లోపల ఇటుకలు లేవు. పగిలిన బాత్‌రూమ్ టైల్సు ముక్కలు, నీలం గళ్ళ గుడ్డపీలికల్లో వదులుగా చుట్టి సర్ది ఉన్నాయి.

"ఇది మీరు చూసే ఇచ్చారా?" అని అడిగింది. గొంతు పెంచలేదు.

మెకానిక్ ఆ ముక్కల వంక చూశాడు. అతనికి మొదట గుర్తొచ్చినవి ఇలాంటి మోసాల గురించి గ్రూపులో విన్న కథలు. మంచి సెట్టు కొనడం, లోపలి సరుకు తీసేసుకోవడం, చెత్త నింపి తిరిగి తెచ్చి డబ్బడగడం. బాబాయ్ ఎప్పుడూ హెచ్చరించేవాడు.

"సీలు నేను ఇచ్చినప్పుడు బాగానే ఉంది కదండీ," అన్నాడు. "మీరే చూసుకున్నారు."

"చూసుకున్నాను."

"సీలు తెగాక వాపసు తీసుకోం. అది అందరికీ తెలిసిన పద్ధతే."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. మాట వెనకున్న మాట అర్థమైంది. "అంటే ఈ రాళ్ళు నేను పెట్టానంటారా?"

అతను అవుననలేదు. కాదనీ అనలేదు.

"సరేనండి," అంది ఆవిడ. "పిల్లల్ని దింపే టైమైంది." పెట్టెని అక్కడే వదిలేసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

అత్తగారు దివాన్ మీంచి లేచి వచ్చి ఒక టైలు ముక్క తీసి వెలుగులో పెట్టి చూసింది. "దొంగే అయితే కాస్త అరిచేది బాబూ," అంది. "దొంగకి గొంతెక్కువ."

"మంచివాళ్ళూ అరుస్తారు అత్తయ్యగారూ."

"ఆవిడ అరవలేదుగా."

మర్నాడు డ్యూటీ కాగానే మెకానిక్ పెట్టెల బాబాయ్ దగ్గరికి వెళ్ళాడు. బాబాయ్ కారు షెడ్డులో కారు ఎప్పుడో బయటికి పోయింది. నేలనుంచి కప్పు దాకా అరలు, అరల నిండా పెట్టెలు. ఒక పెద్ద గ్రంథాలయంలా ఉంటుంది ఆ షెడ్డు, ఒక్క పుస్తకం కూడా ఎవరూ చదవని గ్రంథాలయం. బాబాయ్ మెత్తటి బ్రష్షుతో ఒక పెట్టె అంచులు దులుపుతూ అంతా విన్నాడు.

"ఆవిడే మార్చి ఉంటుంది," అన్నాడు.

"కాకపోతే?"

"కాకపోతే నాకేం తెలుసురా? ఎవరో షాపు ఎత్తేస్తుంటే నేనూ గంపగుత్తగా తీసుకున్నాను. ఎలా వచ్చాయో అలా నీకిచ్చాను. నా జన్మలో ఒక్క పెట్టె విప్పి చూడలేదు."

"మరి మిగతా నాలుగూ?"

బాబాయ్ బ్రష్షు పక్కన పెట్టాడు. "ఆ గోడౌను ఆయన తెరుస్తాడా?"

"తెరవడు."

"ఆయన దగ్గర కొనేవాడు?"

"వాడూ తెరవకపోవచ్చు."

"మరింకేం? ఎవరూ తెరవరు. ఈ వ్యాపారం నిలబడిందే దాని మీద. లోపల ముక్కలున్నాయా రాళ్ళున్నాయా అన్నది తెరిచినవాడి గోల. తెరవనంత కాలం అన్నీ లైట్‌హౌస్‌లే." ఆయన చెయ్యి మెకానిక్ భుజం మీద పడింది. ఆ చేతిలో దగా లేదు. కొడుక్కి చెప్పినట్టే చెప్పాడు. "నీకు తెలిసిందేమీ లేదు. తెలియకపోవడం తప్పు కాదు. పోయి అమ్ముకో, మీ ఆవిడకి గది ఇప్పించు."

దారి పొడుగునా ఆ మాటలు మెకానిక్‌కి సబబుగానే అనిపించాయి. ఇంటికొచ్చి చేతులు కడుక్కుని గదిలోకి వెళ్ళి నాలుగు పెట్టెలూ ఒక్కొక్కటి ఎత్తి చూశాడు. బరువు సమానం. ఊపి చూశాడు. అన్నీ అలాగే గలగలమన్నాయి. సీలు అంచులు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. భార్య ల్యాబులో వాడే భూతద్దం తెచ్చిచ్చింది. తనూ చూసింది.

"ఏం తెలియట్లేదండీ," అంది. "జిగురు జిగురులాగే ఉంది."

ఇద్దరూ నేలమీద కూచున్నారు. అతను బాబాయ్ అన్న మాటలు చెప్పాడు. ఆమె మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని వింది.

"నేను తొడుగు చేసి పంపిస్తాను," అంది చివరికి. "డాక్టరు దాన్ని పంటి మీద అతికిస్తాడు. అతికించాక లోపల నేనేం పెట్టానో ఎవరికీ కనపడదు. అది ఊడేదాకా, అంటే పదేళ్ళో పదిహేనేళ్ళో. కనపడదని నేను ఏదో ఒకటి పెట్టొచ్చు."

"ఇది పన్ను కాదుగా. ఎవరికీ నొప్పి పుట్టదు."

"ఆ వ్యాను ఆవిడకి పుట్టింది."

అతను భూతద్దం నేలమీద పెట్టాడు.

"నాకు ల్యాబు కావాలి," అంది ఆమె. "ఎంత కావాలో మీకు తెలుసు. అందుకే నన్ను అడక్కండి. తెరవండి అని నేననను, అమ్మండి అని కూడా అనను. రేపు ఏదైనా అయితే నా పేరు చెప్పుకుని బాధపడతారు."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. గోడౌను ఆయన మోసపోవడం కన్నా, అసలు మోసపోయానని ఆయనకి ఎప్పటికీ తెలియకపోవడం అతన్ని కలవరపెట్టింది. వ్యాను ఆవిడ అబద్ధమాడిందని నమ్మాలంటే నమ్మొచ్చు. నిజం చెప్పిందనీ నమ్మొచ్చు. ఏది నమ్మితే తనకి లాభమో అదే నమ్ముతున్నానని మాత్రం అతనికి తెలిసిపోయింది. నిజం తేలడానికి ఒకటే దారి ఉంది. ఆ దారిలో వెళితే పెట్టె ధర సగం అవుతుంది.

సెలవు రోజు పొద్దున్నే ఒక పెట్టె తెచ్చి హాల్లో బల్ల మీద పెట్టాడు. అత్తగారు దివాన్ మీద కూచుని కాఫీ తాగుతోంది. భార్య తలుపు దగ్గర నిలబడింది. అతను బ్లేడుతో సీలు కోశాడు.

లోపల ప్లాస్టిక్ సంచులు, సంచుల నిండా తెల్లవీ ఎర్రవీ ఇటుకలు. పైన కట్టే విధానం చూపించే పుస్తకం, అట్ట మీద లైట్‌హౌస్. అన్నీ కొత్తగా, ఎక్కడివక్కడ.

అతని చేతిలో ఉన్నది అసలైన సరుకు. ఇప్పుడు సగం ధర సరుకు.

"హమ్మయ్య అనాలా, అయ్యో అనాలా?" అని అడిగింది అత్తగారు. నిజంగానే అడిగింది.

"చూశారా, మంచిదే," అన్నాడు అతను, ఎవరితోనో వాదిస్తున్నట్టు. "అయితే ఆవిడే..."

"ఒకటి మంచిదైతే ఇంకోటి మంచిదని రాసుందా?" అంది భార్య. అనేశాక పెదవి కొరుక్కుంది, అడక్కండి అన్నది తానే అని గుర్తొచ్చి.

అక్కడితో ఆపేయొచ్చు. మూడు మిగిలాయి, మూడు అమ్మినా అడ్వాన్సు గట్టెక్కుతుంది. తెరిచి చూశాను, మంచిదే వచ్చింది అని ఎవరికైనా గుండె మీద చెయ్యేసుకుని చెప్పొచ్చు. చాలామంది మనస్సాక్షికి అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. మెకానిక్ బ్లేడు మూసి జేబులో పెట్టుకున్నాడు. కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాడు. తర్వాత గదిలోకి వెళ్ళి రెండో పెట్టె తెచ్చాడు.

మూత లేవగానే ముందు కనిపించింది నీలం గళ్ళ గుడ్డ.

అదే గుడ్డలోంచి చింపిన పీలికలు. అవే టైల్సు. వ్యాను ఆవిడ వదిలేసి వెళ్ళిన పెట్టె పక్కనే, సోఫా వెనక ఉంది. అతను దాంట్లోంచి ఒక పీలిక తీసి దీని పక్కన పెట్టాడు. చింపిన అంచులు కూడా ఒకదానికొకటి సరిపోయాయి.

"ఆవిడని దొంగని చేశాను," అన్నాడు.

అత్తగారు కాఫీ గ్లాసు కింద పెట్టింది.

మిగిలిన రెండూ కూడా విప్పాడు. ఒకదాంట్లో మళ్ళీ టైల్సు, ఒకదాంట్లో మంచి సరుకు.

ఆ సాయంత్రమే ఒక మంచి సెట్టు సంచిలో పెట్టుకుని వ్యాను ఆవిడ ఇంటికి వెళ్ళాడు. ఆవిడ ఇంటి ముందు వ్యాను సీట్ల కింద ఊడుస్తోంది. పిల్లలు పారేసిన పెన్సిళ్ళు, ఒంటి చెప్పు, నీళ్ళ సీసాలు ఒక బుట్టలో వేసి పెట్టింది. అతన్ని చూసి చీపురు ఆపింది గానీ కిందికి దిగలేదు.

అతను నిలబడే అంతా చెప్పాడు. గుడ్డపీలికల సంగతీ, టైల్సు సంగతీ. సంచి చాపాడు. "ఇది మంచిది. నేనే తెరిచి చూశాను. వద్దంటే డబ్బు తిరిగిస్తాను. తప్పైపోయిందండీ."

"మీరు నన్ను నమ్మలేదు," అంది ఆవిడ.

"నమ్మలేదు."

"ఇప్పుడూ నమ్మి రాలేదు. ఇంకో పెట్టె విప్పి చూసుకున్నాకే వచ్చారు."

ఆవిడ అన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. ఆవిడ వ్యాను దిగి, చేతులు చీర కొంగుకి తుడుచుకుని, సంచి అందుకుంది. మూత తీసి ముక్కల సంచులు ఒకసారి నొక్కి చూసుకుంది.

"సగం ధరదంటారేమో కదా ఇప్పుడిది?" అంది.

"బజార్లో అంతేనండి."

"నాకు పూర్తి ధరదే. నేనెలాగూ విప్పేదాన్నే." మళ్ళీ ఒక క్షణం ఆగి, "వచ్చారు. అది చాలులెండి," అంది. లోపలికి రమ్మని మాత్రం పిలవలేదు. అతనూ ఎదురుచూడలేదు.

ఇంటికొచ్చి గోడౌను ఆయనకి ఫోన్ చేసి బేరం వదులుకున్నాడు. తర్వాత టైల్సు పెట్టెల ఫొటోలు తీసి గ్రూపులో పెట్టాడు. ఈ లైట్‌హౌస్ సరుకులో కొన్ని ఇలా ఉన్నాయి, ఎవరి దగ్గర ఉన్నా ఒకసారి చూసుకోండి అని రాశాడు. బాబాయ్ పేరు ఎక్కడా ఎత్తలేదు.

జనం మెచ్చుకుంటారని అతను అనుకోలేదు గానీ, అంత కోపం వస్తుందనీ అనుకోలేదు. రెండు రోజుల్లో లైట్‌హౌస్ ధర నేలకి దిగింది. మంచి పెట్టెకీ, రాళ్ళ పెట్టెకీ ఒకే అనుమానం. కళ్ళద్దాల షాపు నడిపే ఒకాయన ఫోన్ చేసి మరీ దులిపేశాడు. ఆయన దగ్గర ఏడెనిమిది ఉన్నాయి, కూతురి చదువుకని దాచుకున్నవి.

"నువ్వు నోరు మూసుకుని ఉంటే నావి మంచివే," అన్నాడాయన.

"విప్పి చూసుకోండి సార్. మంచివే అయుండొచ్చు."

"విప్పితే సగం పోతుంది."

"విప్పకపోతే?"

"విప్పకపోతే నీలాంటివాడు ఇంకోడు రాకుండా ఉంటే చాలు," అని పెట్టేశాడు.

బాబాయ్ ఏమీ అనలేదు. కొన్నాళ్ళకి గ్రూపులోంచి మెకానిక్ పేరు తీసేశాడు, అంతే. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. ఆయన తనని మోసం చెయ్యలేదని అతనికి ఇప్పటికీ నమ్మకమే. ఆయన షెడ్డులో ఎన్ని పెట్టెల్లో రాళ్ళున్నాయో ఆయనకే తెలియదు. తెలుసుకోవడం ఆయనకి ఇష్టం లేదు. ఆ వయసులో తాను ఉంటే తనకి మాత్రం ఇష్టముంటుందా అని మెకానిక్ లిఫ్టు పైన మోటారు గదిలో ఒంటరిగా కూచున్నప్పుడు చాలాసార్లు అనుకునేవాడు.

ఆసుపత్రి వీధి గది ఇంకెవరికో పోయింది. భార్య ఆ వార్త విని ఆ పూటంతా ముభావంగా ఉంది. అతను ఓదార్చబోతే, "కాసేపు బాధపడనివ్వండి, పోయింది నాదేగా," అంది. అతను పక్కన కూచున్నాడు.

తర్వాత అతను రెండో పడకగదిలో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా అమ్మడం మొదలుపెట్టాడు. ఇప్పుడతను కొనేవాళ్ళ ముందే సీలు కోసి, సరుకు చూపించి ఇచ్చేవాడు. ధర తక్కువే. కొనేవాళ్ళు కూడా వేరేగా ఉండేవారు. మనవరాలి కోసం వచ్చిన తాత, కొత్తగా పెళ్ళయిన జంట, చెయ్యి విరిగి ఇంట్లో కూచోలేకపోతున్న ఒక వంటమనిషి. ఎవరూ మూలలు నలిగాయా అని అడగలేదు. ముక్కలు తక్కువ కాలేదుగా అని మాత్రం అడిగేవారు.

గది ఖాళీ అయ్యాక అత్తగారు తన పక్క అక్కడికి మారుస్తుందని అందరూ అనుకున్నారు. ఆవిడ గది మధ్యలో నిలబడి నాలుగు మూలలా చూసి, "కర్టెన్లు పీకెయ్యండి," అంది. "వెలుగు బాగా వస్తుంది. పిల్లా, నీ పళ్ళ బల్ల ఈ కిటికీ దగ్గర వేసుకో. నాకు హాలే బాగుంది. వచ్చేపోయేవాళ్ళు కనపడతారు."

"మరి ఇన్నాళ్ళూ గుమ్మం గుమ్మం అని ఊరంతా చెప్పావు?" అంది కూతురు.

"ఏదో ఒకటి చెప్పాలి కదే వచ్చినవాళ్ళకి."

అలా ల్యాబు ఇంట్లోనే మొదలైంది. ఒక బల్ల, పళ్ళని నునుపు చేసే చిన్న రుద్దుడు మోటారు, ప్లాస్టరు అచ్చులు. పాత డాక్టరుతో పాటు ఇంకో ఇద్దరు పని పంపడం మొదలుపెట్టారు. ఆసుపత్రి వీధి కాదు, కానీ కిటికీ మంచిది.

ఒక ఆదివారం మధ్యాహ్నం కళ్ళద్దాల షాపాయన వచ్చాడు. చంకలో లైట్‌హౌస్ పెట్టె. ఫోన్లో దులిపేసిన మనిషేనా అన్నట్టు, గుమ్మం దగ్గరే తచ్చాడుతూ నిలబడ్డాడు. మెకానిక్ లోపలికి పిలిచి కుర్చీ వేశాడు.

"ఇంట్లో విప్పలేకపోయాను," అన్నాడాయన. "పిల్ల ముందు రాళ్ళు బయటపడితే... నువ్వే విప్పు. నీకలవాటేగా."

మెకానిక్ బ్లేడు తెచ్చి ఆయన ముందు పెట్టాడు. "మీ పెట్టె సార్. మీరే విప్పాలి. నేను పక్కనే ఉంటాను."

ఆయన బ్లేడు అందుకున్నాడు. సీలు మీద ఆనించాడు. తీశాడు. మళ్ళీ ఆనించాడు. అత్తగారు కాఫీ తెచ్చిచ్చింది. లోపలి గదిలో రుద్దుడు మోటారు సన్నగా మోగుతోంది. ఆయన కాఫీ అంతా తాగాడు. కూతురు ఏం చదువుతోందో చెప్పాడు, షాపులో గిరాకీ ఎలా ఉందో చెప్పాడు. మధ్యమధ్య పెట్టె మీది బొమ్మ చూస్తూనే ఉన్నాడు.

చివరికి బ్లేడు బల్ల మీద పెట్టి లేచాడు. "ఇంకోసారి వస్తాను," అన్నాడు.

"ఎప్పుడైనా రండి సార్."

పెట్టెని మళ్ళీ చంకలో జాగ్రత్తగా పెట్టుకుని ఆయన బయల్దేరాడు. మెకానిక్ తోడుగా బయటిదాకా వెళ్ళాడు. మూలలు గోడకి తగలకుండా ఆయన మెట్లు దిగుతుంటే, ముందు నడిచి దారిలో ఉన్న సైకిలు పక్కకి తీసి పెట్టాడు. అతనికి నవ్వు రాలేదు, జాలి కూడా కలగలేదు. ఆ బ్లేడు ఎంత బరువో అతనికి తెలుసు.

తిరిగి లోపలికొస్తే అత్తగారు అడిగింది, "మళ్ళీ వస్తాడంటావా?"

"వస్తే కాఫీ పెడదాం అత్తయ్యగారూ," అన్నాడు మెకానిక్. చేతులు కడుక్కుని, భార్య పిలిస్తే, అచ్చు పట్టుకోవడానికి లోపలి గదిలోకి వెళ్ళాడు.